పై ఇంటి అక్కకి ఐసు

కింది ఇంట్లో ఉండే ఆమె భయమల్లా ఒక్కటే: పై ఇంటి అక్క ఏదో ఒక రోజు ఐసు కోసం రావడం మానేస్తుందని. చంకలో బిడ్డతో ఆమె ఫ్రిజ్ పక్కనే నిలబడి, తలుపులో ఐసు పడే చోటును విప్పుతున్న మెకానిక్‌ను చూస్తూ ఉంది.

“దీన్ని దేంతో పొడిచారమ్మా? మూత విరిగింది. వెచ్చగాలి దూరి ఐసంతా ఒకటే గడ్డయింది.”

“గరిటె కాడతో పొడిచానన్నా. తొందరలో ఉన్నాను.”

“ఐసుకి అంత తొందరేంటి? జ్యూసు కొట్టు గానీ పెట్టారా?”

“నాక్కాదు, పై ఇంటి అక్కకి. వాళ్లాయన చెయ్యి చేసుకున్నప్పుడల్లా తువ్వాలు పట్టుకుని కిందికి దిగొస్తుంది. ఇక్కడే కూర్చుని మొహానికి అద్దుకుంటుంది.”

స్క్రూడ్రైవరు ఆగింది.

“మరి ఇది విరిగాక?”

“‘బాగయ్యాక నేనే పిలుస్తాలే అక్కా’ అన్నాను. ఏదో నోటికొచ్చింది అనేశాను. నాలుగు రోజులైంది. నిన్నటి నుంచి పైన అక్క అడుగుల చప్పుడు కూడా లేదు. ఫోన్ మోగుతోంది గానీ ఎత్తట్లేదు.”

“పైకెళ్లి చూడకపోయారా?”

“వెళ్లాను. ఆయన తలుపు సందులోంచే ‘ఊరెళ్లింది, మళ్లీ పైకొస్తే ఊరుకోను’ అన్నాడు. అక్కకి ఉన్నది ఒక్కటే జత చెప్పులన్నా. అవి గుమ్మం ముందే ఉన్నాయి.”

మెకానిక్ ఐసు గడ్డను పగలగొట్టి కొత్త మూత బిగించాడు. గ్లాసు పెట్టి నొక్కితే ఐసు ముక్కలు గలగలా పడ్డాయి. ఆమె వాటి వంక చూడలేదు.

“ఈ ఫ్రిజ్‌కి నీళ్ల పైపు పైనుంచే కదా దిగేది? అది చూడాలని చెప్పి వాళ్ల తలుపు కొట్టండి. అక్క ఎలా ఉందో ఒక్కసారి మీ కళ్లతో చూసి రండన్నా.”