ముసలి జమీందారు ఆఖరి మాట

పాత రష్యన్ నవలలను ఆటపట్టించే ఆ హాస్యచిత్రానికి మాటలు రాసింది కూతురు. తొలి ఆట మధ్యలోనే లేచి వచ్చేసిన తల్లిని ఆమె థియేటరు మెట్ల మీద అందుకుంది. లోపల జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"ఏంటమ్మా, అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే అలా లేచొచ్చేశావు? నీ రష్యా పుస్తకాల్ని వెక్కిరించానని కోపమా?"

"పుస్తకాల్ని ఎంతైనా వెక్కిరించుకో. ఇంటిల్లిపాదినీ అరగంట ఏడిపించి, పోయే ముందు నీ సినిమాలో ఆ ముసలి జమీందారు ఏమన్నాడు?"

"'కుళాయి కట్టేశారా' అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది కదా!"

"మీ నాన్న ఆఖరి మాట అది. అప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వొచ్చింది మర్నాడు. నీకెలా తెలిసింది?"

"జనం చూస్తున్నారమ్మా. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు."

"మర్నాడు కాదు. ఆ సాయంత్రమే వచ్చాను. తలుపు బయట నిలబడ్డాను. ఆ గొంతు విన్నాక లోపలికి రాలేకపోయాను. భయమేసి వెళ్లిపోయాను."

"మాట పడిపోయాక కూడా గంటసేపు ఆ తలుపు వైపే చూశాడే మీ నాన్న."