రూతమ్మ కోళ్లు

సాగర్ కాలువకు తొలిసారి నీళ్లు వదిలిన ఏడాది. నకరికల్లు దగ్గర ఒక పల్లెలో ఏసోబు ఒంటిగది ఇల్లు, మధ్యాహ్నం వేళ. అతని భార్య ప్రేమమ్మ. పొరుగూరి నుంచి వచ్చిన అతని అక్క ఆదెమ్మ.

“చూసి అడుగెయ్యి వదినా. ఆడంతా పెంటే.”

“ఏడ ఎయ్యనే ప్రేమమ్మా, చోటుంటే గదా. మంచం మీద కోడి, పొయ్యి గట్టు మీద కోడి. ఆ బియ్యం కుండ మూత మీద ఏంది, అదీ పెంటేనా?”

“నిన్నటిది. ఎండిపోయింది.”

“ఎండినదాన్ని గోకాలంటే గోళ్లూడతై. పచ్చి మీదున్నప్పుడే బూడిద జల్లి చిప్పతో ఎత్తెయ్యాల. మన రూతమ్మ చేసేదిగా అట్టా.”

“చేసేది.”

“తొమ్మిదేళ్ల పిల్ల. పొద్దున్నే లేచి ఊక మార్చి, బూడిద జల్లి, అప్పుడు గదా బడికి పోయేది. ముంగిస ఎత్తుకుపోతదని కోళ్లని లోపల పెట్టుకుందిగానీ, ఏనాడన్నా ఇల్లు ఇట్టా...”

“ఆ మాటలొద్దు వదినా.”

“సరే, వద్దులే. చిప్ప ఏడుంది? నేను గోకుతా.”

“వద్దు.”

“వద్దంటే? పిల్ల పోయి నలభై రోజులైంది. పాస్టరుగారు ప్రార్థనకొచ్చి, కూసోను చోటు లేక గుమ్మంలోనే నిలబడి చేసి పోయాడంట. ఊరంతా చెప్పుకుంటన్నారు.”

“చెప్పుకోనీ.”

“మా ఏసోబు రాత్రిళ్లు ఏడ పడుకుంటన్నాడో తెలుసా నీకు?”

“ప్రార్థన గుడి వరండాలో.”

“తెలిసే ఊరుకున్నావా?”

“నేను పొమ్మనలా. కోడిపేలు కుడతన్నై అన్నాడు, పోయాడు.”

“పేలకి పోలా వాడు. మొన్న నా దగ్గరికొచ్చి మూడు రోజులున్నాడు. ముద్ద నోట్లో పెట్టలా. నీళ్లొచ్చిన రోజు పిల్లని భుజానెక్కించుకుని కాలవ చూపించింది నేనే గదక్కా, పూలు గూడా దాని చేతే వేయించా, ఆ ఆశకే మళ్లీ ఒక్కతే పోయి మునిగింది, అని తల గోడకేసి కొట్టుకుంటన్నాడు. వింటన్నావా?”

“ఆ నల్లకోడిని లేపబాక వదినా. పొదుగుతంది.”

“దేని మీద?”

“దాని పుస్తకాల సంచి మీద.”

“...గుడ్లెన్ని?”

“ఏడు. రెండు రోజుల్లో పిల్లల్ని చేస్తది.”

“ప్రేమమ్మా, ఇటు చూడు. అది పెంచుకున్న కోళ్లని నీకు ప్రాణం. నాకు తెలవదా? మేస్త్రీ మౌలాలీతో మాట్లాడా. దొడ్లో రాళ్లతో గూడు కడతానన్నాడు. ముంగిస కాదు గదా, చీమ దూరదు. ఇంటికి సున్నం కొడదాం. పోయి ఏసోబుని తీసుకొద్దాం. ఏమంటావు?”

“ఇల్లు శుభ్రం చెయ్యబాక.”

“అదేం మాటే?”

“చెయ్యబాక. అంతే.”

“నువ్వేనా ఈ మాటనేది? పొద్దునొకసారి, సందేళొకసారి అలికేదానివి. నా కోడలింట్లో మెతుకు కింద పడితే ఏరుకు తినొచ్చు అనేది మా అమ్మ.”

“అనేది.”

“మరేందే ఇది? లే. ఆ తలుపు తీస్తే కాసేపు కోళ్లని ఎండలోకి తోలి...”

“తలుపు తియ్యబాక.”

“ఒక్క గంట.”

“నీకు దణ్ణం పెడతా వదినా, గడియ ఇడువు.”

“తియ్యనులే. కూసో. ఇట్టా ఊకలోనే కూసో, ఏం కాదు. ఏమైందో చెప్పు.”

“ఆయన నీళ్లు చూపించినందుకు పోలా అది.”

“ఏందీ?”

“ఆ ఆశకి పోలా.”

“మరి?”

“ఆ పొద్దు ఆయన చేలో ఉన్నాడు. సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. పది మందొస్తారని ఇల్లంతా అలికా. కొత్త చాప తెచ్చి పరిచా. పరిచీ పరచకముందే కోడొచ్చి దాని మీద రెట్టేసింది.”

“కోడన్నాక ఏస్తది.”

“అదీ ఆ మాటే అంది వదినా. కోడికేం తెలుసమ్మా, నేను కడుగుతాలే అంది. నాకు ఒళ్లు మండింది. కోళ్ల కింద ఏసిన గోనెలన్నీ లాగి దాని నెత్తినేశా.”

“ప్రేమమ్మా...”

“బావికాడికి పోతానంది. ఈ కంపు గోనెలు ఆడ జాడిస్తే ఊరోళ్లు తిడతారన్నా. కాలవ నిండా నీళ్లుండగా బావెందుకన్నా.”

“ఎవురికీ తెలవదా ఇది? గోనెలు చూసుంటారుగా.”

“కొట్టుకుపోయినై. పిల్ల ఒక్కటే దొరికింది.”

“ఏసోబుకి?”

“చెబుదామనే ఎదురెళ్లా. పిల్లని ఒళ్లో పెట్టుకుని, నేనే చంపుకున్నా, నేనే చంపుకున్నా అని ఆయన ఏడుస్తంటే... నాకు నోరు రాలా.”

“నలభై రోజులు. వాడట్టా కుళ్లి చస్తంటే, నలభై రోజులు చూస్తా కూసున్నావా నువ్వు?”

“కూసున్నా.”

“అది చిన్నపిల్ల. దానికి ఈత రాదని తెలవదా నీకు?”

“అన్ని నీళ్లంటే భయమేస్తందమ్మా, నువ్వు గూడా రా, అని గడపలో నిలబడి అడిగింది వదినా. కంపు పోయిందాకా ఇంట్లో అడుగు పెట్టబాకని గడియేసుకుంది నేనే.”