బెండకాయ జిగురు పోనివ్వకండి

అధ్యక్ష స్థానంలో కూర్చుని, ఈవిడ ఎంతసేపు మాట్లాడుతుందో అని ఇప్పటికే ఒకసారి గడియారం వైపు చూసిన మా ప్రిన్సిపాల్ శివప్రసాద్ గారికి, (నవ్వులు) ముందు వరుసలో ఉన్న పెద్దలకు, ఇన్నేళ్లు నాతో పాటు సుద్దముక్కల పొడి పీల్చిన తోటి లెక్చరర్లకు, బీర్కూర్ బస్సు వెళ్లిపోతుందని తెలిసినా లేవకుండా కూర్చున్న తల్లిదండ్రులకు, వెనక షెడ్డులో వంట దగ్గర ఉండి నా మాటలు సగమే వింటున్న నా పిల్లలకు, అందరికీ శాంతకుమారి నమస్కారాలు.

నాకన్నా ముందు మాట్లాడిన మాధురి గారు నన్ను అన్నపూర్ణ అన్నారు. ఆమెది పెద్ద మనసు కాబట్టి ఆ మాట దాచుకుంటాను గానీ, అది నిజం కాదండీ. ఈ కాలేజీలో నేను ఎవరికీ అన్నం పెట్టలేదు. ఆకలేస్తోంది మేడం అని వచ్చిన వాడి చేతిలో కత్తి, ఉల్లిపాయ పెట్టి కూర్చోబెట్టాను. మొదట్లో తిట్టుకున్నారు. మగపిల్లల్లో కొందరైతే ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని తలుపేసుకుని మరీ తరిగారు. అలా తరిగినవాళ్లలో ఒకాయన ఇప్పుడు ఇక్కడే భార్య పక్కన కూర్చున్నాడు. పేరు చెప్పను. ఆమె ముఖం చూస్తే ఆ ఇంట్లో వంట ఎవరిదో తెలుస్తూనే ఉంది. (నవ్వులు)

రిటైరవుతున్నందుకు బాధగా లేదా అని పొద్దుటి నుంచి అందరూ అడుగుతున్నారు. లేదండీ. సమీకరణాలు నా తర్వాత వచ్చేవాళ్లు కూడా చెబుతారు, ల్యాబ్‌లో గాజుసామాను నేను లేకపోయినా పగులుతుంది. నాకున్న బెంగ ఒక్కటే. శనివారం మధ్యాహ్నం కాలేజీ వదిలాక ల్యాబ్ వెనక చిన్న గదిలో మా వంట క్లాసు నడుస్తుందని మీకు తెలుసు. ఒకే స్టవ్, ఒకే గిన్నె, కిరాయి గదుల్లో ఉండే పిల్లల చేతికి అందే సరుకులు, అరగంటలో కడుపు నిండే తిండి, అదీ మా పాఠం. వచ్చే శనివారం ఆ గది తలుపు ఎవరు తీస్తారు? తాళంచెవి ఇంకా నా బ్యాగులోనే ఉంది. వారం కిందట కమ్లిని అడిగాను. కమ్లి ఎవరో చెబుతాను, అసలు ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆమె సంగతే. 'జర సోచాయించి చెప్త మేడం' అంది. ఉద్యోగం ఉంది, చంటిబిడ్డ ఉంది, ఆమెను ఒత్తిడి చేసే హక్కు నాకు లేదు. ఇంతవరకు జవాబు రాలేదు. మీరు కప్పిన శాలువాలో నవ్వుతూ నిలబడ్డాను గానీ, నా చెవులు మాత్రం కమ్లి ఉన్న ఆ షెడ్డు వైపే ఉన్నాయి.

నాకు వంట నేర్పింది మా అమ్మ కాదు. కాలువ కింద మాగాణి చేసుకుందామని గుంటూరు జిల్లా నుంచి వచ్చి బీర్కూర్ దగ్గర స్థిరపడిన కుటుంబం మాది. ఇంటినిండా ఆడవాళ్లు, వంటింట్లో నాకు నిలబడే చోటు కూడా దొరికేది కాదు. పెళ్లయ్యాక మావారు రామబ్రహ్మం గారికి నైజీరియాలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. ఎనభైల మొదట్లో మనవాళ్లు చాలామంది అలా వెళ్లారు. ఇబాదాన్ అనే నగరానికి దూరంగా ఓ చిన్న ఊరు మాది. అక్కడ చింతపండు లేదు, మినప్పప్పు లేదు, కందిపప్పు లేదు. ఆయన బ్రెడ్డు తిని సన్నబడ్డారు, నేను ఆయన్ని చూసి ఏడ్చి సన్నబడ్డాను. పక్కింటావిడను అందరూ మామా బిసి అనేవాళ్లు, అంటే బిసి వాళ్లమ్మ. తల్లిని బిడ్డ పేరుతో పిలవడం అక్కడ మర్యాద. ఆవిడ ఒకరోజు మా వంటింట్లోకి వచ్చి, ఖాళీ డబ్బాలన్నీ మూతలు తీసి చూసి, నన్ను చెయ్యి పట్టుకుని బజారుకు లాక్కుపోయింది. అక్కడ చూస్తే టమాటలు, ఎండుమిరపకాయలు, పల్లీలు, బొబ్బర్లు, బెండకాయలు, మక్కపిండి. అన్నీ మనవే, వండే తీరే వేరు. ఇన్నాళ్లూ అన్నీ పక్కనే పెట్టుకుని పస్తులున్నామని ఆ రోజు తెలిసింది.

టమాట, ఉల్లి, ఎండుమిరప నూరి నూనెలో మగ్గబెట్టి, అందులోనే బియ్యం పోసి మూత పెడితే అది జొలాఫ్. అడుగు కాస్త మాడి పొగ వాసన తగలాలి, లేకపోతే వాళ్లు దాన్ని విందు భోజనం అనరు. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి నూనెలో వేయిస్తే అకరా. మన గారెలకు చెల్లెలనుకోండి. అదే పిండిని నూనె ఖర్చు లేకుండా గ్లాసుల్లో పోసి ఆవిరికి ఉడికిస్తే మోయి మోయి. పల్లీలు వేయించి నూరి పులుసులా కాస్తే, అందులో ముక్కలేమీ లేకపోయినా కడుపు నిండుతుంది. ఇక బెండకాయ. దాన్ని సన్నగా తరిగి, మరిగే నీళ్లలో వేసి, జిగురు తీగలా సాగేదాకా తిప్పుతారు. ఆ జిగురే ఆ కూరకు ప్రాణం. మన జొన్నరవ్వ గట్క లాంటి వేడి ముద్దను అందులో ముంచి నమలకుండా మింగుతారు. అది చూసి రామబ్రహ్మం గారు కుర్చీ వెనక్కి జరిపారు. ఈనాటికీ ఆ పేరు వింటే జరుపుతారు, చూడండి, ఇప్పుడూ జరిపారు. (నవ్వులు)

తిరిగొచ్చి ఈ కాలేజీలో చేరాక ఇవన్నీ నేను మరిచిపోయేదాన్నేమో. తొంభై అయిదులో, దసరా సెలవులకు ముందు, ప్రాక్టికల్స్ జరుగుతుంటే బ్యూరెట్ పట్టుకున్న ఓ అమ్మాయి పట్టుకున్నట్టే కిందికి జారిపోయింది. ఆ అమ్మాయే కమ్లి. పెద్ద కొడప్‌గల్ పక్కన తండా వాళ్లది. ముఖాన నీళ్లు చల్లి, పొద్దున ఏం తిన్నావమ్మా అంటే తల దించుకుంది. సాయంత్రం ఆమె వెంట సాయవ్వ ఇంటికి వెళ్లాను. సాయవ్వ ఇదిగో, నా ఎదురుగానే కూర్చుంది. బస్టాండు వెనక ఈమె గదుల్లో కిరాయికి ఉండి చదువుకున్న పిల్లలు ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా కనిపిస్తారు. సోమవారం బస్సుకు ఇంటి నుంచి జొన్నరొట్టెలు మూట కట్టుకొస్తారు, రెండ్రోజులకు అవి పలకల్లా గట్టిపడతాయి, ఆ తర్వాత చాయ్, మిర్చిబజ్జీ, అదీ లేకపోతే మంచినీళ్లు. అలాగని గదిలో ఏమీ లేవా అంటే, స్టవ్ ఉంది, అందులోకి గ్యాస్‌నూనె ఉంది, బియ్యం ఉన్నాయి. పొద్దున స్పెషల్ క్లాసు, పగలంతా కాలేజీ, సాయంత్రం ట్యూషను, ఈ మధ్యలో అన్నం, పప్పు, కూర, చారు అన్నీ వండే తీరిక లేదు. అన్నీ ఉంటేనే అది భోజనమని, లేకపోతే పడుకోవడమే నయమని మన పిల్లల పట్టుదల. 'వండుకోరాదే బిడ్డా అంటే, కూర ఏం జేయాల్నో సమజైతలేదు అవ్వా అని నీళ్లు తాగి పంటరు' అని సాయవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ మాట వినగానే మామా బిసి నా చెయ్యి పట్టుకుని లాగినట్టే అయింది.

ఆ శనివారమే మొదలుపెట్టాం. మన ఊరి రైసుమిల్లుల్లో నూకలకు కొదవ లేదు కదా. నూకలతో జొలాఫ్ చేస్తే తొందరగా ఉడుకుతుంది, టమాట రసమంతా పీల్చుకుంటుంది. మొదటిసారి మాడు వాసన వచ్చేసరికి పిల్లలు స్టవ్ ఆర్పడానికి ఎగబడ్డారు. నేను చెయ్యి అడ్డం పెట్టి, ఉండండి, కాస్త మాడనివ్వండి అంటే, పాపం ఈ మేడంకు ఏదో అయిందన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తిన్నాక మాత్రం గిన్నె అడుగు కోసం కొట్టుకున్నారు. మహారాష్ట్ర సరిహద్దు నుంచి వచ్చే డోంగ్లి పిల్లలు దాని మీద పల్లీల పొడి చల్లుకుని, మా ఇంట్లో ఇలాగే తింటామని మరాఠీలో నాకు నచ్చజెప్పారు. కాదనడానికి నాకు మరాఠీ రాదు. (నవ్వులు)

అలా కొన్నాళ్లు గడిచాక బెండకాయ రోజు వచ్చింది. ఇంటి నుంచి జొన్నరవ్వ తెచ్చుకుంటే గట్క అవుతుంది, అంగట్లో బెండకాయలు కారుచౌక, ఈ రెండూ వస్తే వీళ్లకు ఇక ఆకలి బాధ ఉండదని నా ఆశ. కాయలు కడిగి తడి మీదే తరగండని చెప్పి, గట్క పొయ్యి మీద పెట్టించానో లేదో, గేటు దగ్గర ఎవరో నా కోసం నిలబడ్డారని కబురొచ్చింది. వెళ్లి చూస్తే కమ్లి వాళ్ల నాన్న తారాచంద్. అదిగో, ఆ ఎర్ర తలపాగా ఆయనదే. కూతురు పడిపోయిన సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే సాయవ్వ ఇంటికి వెళ్లి, గది ఖాళీ చేస్తామని చెప్పి, కమ్లి బట్టల సంచి కట్టించి వచ్చాడు. గొంతు పెంచలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. 'బిడ్డ పాణం కన్న సదువు ఎక్కువనా మేడం? ఇగ తీస్కపోత' అన్నాడు. ఆయన మాటలో నాకు తప్పేమీ కనబడలేదు, కనబడకపోవడమే నా కష్టం. ఏవేవో చెప్పి చూశాను, వచ్చే ఏడు కమ్లి ఎంత బాగా రాయగలదో చెప్పాను. ఆయన అన్నీ విని, బస్సు వేళయిందన్నాడు. చివరికి, పిల్లలు వండుతున్నారు, రెండు ముద్దలు తిని తీసుకెళ్లండి అని మాత్రం అడగగలిగాను.

ఇద్దరం లోపలికి వచ్చేసరికి మా క్లాసు తన పెంపకం నిరూపించుకుంది. మేడం తొందరలో మరిచిపోయిందనుకున్నారు పాపం. బెండకాయ తుడవకుండా తరిగితే మన ఇళ్లలో ఊరుకుంటారా? నేను వెళ్లగానే ఒకరు కాయలన్నీ పాత చీరముక్కతో తుడిచారు, ఇంకొకరు ముక్కలు కిటికీలో ఎండకు పరిచారు, మూడో ఆమె వాటిని కరకరలాడేలా వేయించి, పైన ఉప్పూ కారం చల్లి, మెచ్చుకుంటానని నా ముఖంలోకి చూసింది. జిగురన్నది చుక్క లేదు. అంత బుద్ధిమంతులైన పిల్లలను నేను మళ్లీ చూడలేదు. (నవ్వులు) గట్క తిన్నవాళ్లకు తెలుసు, దానికి తడి కావాలి, లేకపోతే గొంతు దిగదు. అప్పటికప్పుడు మజ్జిగ కూడా లేదు. తారాచంద్ ఓ ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, నీళ్ల చెంబు వైపు చూశాడు. ఆ చెంబెడు నీళ్లు తాగి ఈయన లేస్తాడు, ఈయనతో పాటు కమ్లి చదువూ లేచిపోతుంది అనుకున్నాను.

కమ్లి ఎవరినీ ఏమీ అడగలేదు. బుట్టలో మిగిలిన నాలుగు కాయలు తీసి, కడిగి, తడి మీదే సన్నగా తరిగింది. ముందటి శనివారం పులుసుకు నూరిన పల్లీల పొడి డబ్బాలో ఉంటే మరిగే నీళ్లలో కలిపింది, ఓ టమాట చేత్తోనే చిదిమి వేసింది, ఉప్పు, కారం, ఆపైన బెండకాయ. గంటెతో తిప్పుతూ నిలబడింది. ఆ పల్లీలూ బెండకాయా కలపమని నేను నేర్పలేదు, మామా బిసి కలపగా చూడనూ లేదు. తండ్రి చెంబు సంగతి మరిచిపోయి కూతురి చెయ్యినే చూస్తున్నాడు. ఆమె వచ్చి పళ్లెంలో పోసింది, గంటె నుంచి పళ్లెం దాకా సన్నటి తీగ సాగింది. ఆయన ముద్ద అద్ది మింగాడు. ఇంకోటి మింగాడు. పళ్లెం ఖాళీ చేసి, గట్క ఇంకా ఉందా అని అడిగాడు.

చెయ్యి కడుక్కుని ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'సదువుకునే పిల్ల అని దీని తల్లి ఇంట్ల గిన్నె ముట్టనియ్యలే. గీడ నిలబడ్డ జాగల కూడు జేసి పెట్టింది. ఇగ నాకు ఫికర్ లేదు మేడం, దాని సంచి ఆడనే ఉండనియ్యి.' అలా అని, ఖాళీ చేతులతో బస్సెక్కాడు. ఆ కమ్లి ఇప్పుడు మన ఊరి బడిలోనే టీచరు. ఇది ఆమె గొప్ప, ఆమె తండ్రి గొప్ప. నా వంతు కాస్త జిగురు, అంతే.

మామా బిసిని నేను మళ్లీ చూడలేదు. ఆవిడ ఉందో లేదో కూడా తెలియదు. మంజీర కింద పండిన వడ్ల నూకలతో మన పిల్లలు ఆవిడ జొలాఫ్ వండుకుని పరీక్షలు రాస్తున్నారని ఆవిడకు చెప్పేవాళ్లు లేరు. అది తలుచుకుంటేనే నాకు దుఃఖం వస్తుంది. మిగతా అంతా సంతోషమే.

ప్రిన్సిపాల్ గారు మళ్లీ గడియారం చూశారు, ముగిస్తున్నానండీ. ఇదెవరు వస్తున్నారు? (ఒక విద్యార్థిని చిన్న గిన్నె, గంటె పట్టుకుని వేదిక ఎక్కుతుంది) ఉప్పు చూడాలా? ఇక్కడేనా? పెద్దలు మన్నించాలి, ఉప్పు చూడందే వడ్డించకూడదని మా క్లాసు నియమం, నేనే పెట్టాను. ఇలా ఇవ్వు. (గంటె పైకెత్తి) చూడండి, తీగ సాగుతోంది. ఈ అమ్మాయి ఈ ఏడే చేరింది, బెండకాయ పాఠం వీళ్లకు నేనింకా చెప్పనే లేదు. ఎవరమ్మా తుడవొద్దని చెప్పింది?

(విద్యార్థిని: 'కమ్లక్క చెప్పింది మేడం. వచ్చే శనివారం మక్కగట్కతోని మల్ల చేపిస్తనన్నది.')

(గంటెలోది రుచి చూసి, బ్యాగు తెరుస్తుంది. చప్పట్లు)

ఉప్పు సరిపోయింది. ఇదిగో తల్లీ తాళంచెవి, పరుగెత్తుకెళ్లి మీ కమ్లక్క చేతిలో పెట్టు. సాయవ్వా, తారాచంద్ గారూ, నా తోటివాళ్లందరూ, ఇంత ఓపికగా విన్నందుకు, ఇన్నేళ్లు నన్ను భరించినందుకు మీకు నా కృతజ్ఞతలు. రామబ్రహ్మం గారూ, ఇవాళ ఒక్కరోజు కుర్చీ వెనక్కి జరపకండి. లేవండి, అందరూ లేవండి, గట్క వేడి మీదే తినాలి. నాకిక బెంగ లేదు. సెలవు.