నూరు మీద ఆగిన రింగు

సెలక్షన్ మొదటి రౌండులో ఆమె ఓడిపోయిన మధ్యాహ్నం. అందరూ వెళ్లిపోయిన యాభై మీటర్ల షూటింగ్ హాలు. ఆమె, తుపాకులు బాగుచేసే బాబాయి.

"...ఓడిన నెపం గాలి మీదికి నెట్టకు. నాలుగు గోడల మధ్య గాలెక్కడిదే?"

"ఫ్యానుంది బాబాయ్."

"ఫ్యాను గాలికి తూటా పక్కకి పోతే, ఈపాటికి నీ జడ పక్కూళ్లో ఉండేది. రైఫిలు ఖాళీయేనా?"

"రెండుసార్లు చూశాను."

"సరే, స్టాండులో బిగించాను. ముట్టుకోకుండా స్కోపులోంచి చూస్తూ తల కొంచెం అటూ ఇటూ ఆడించు. అడ్డగీతలేం చేస్తున్నాయి?"

"జరుగుతున్నాయి."

"రైఫిలు కదిలిందా?"

"లేదు."

"ఎదురుగా గురి అట్ట?"

"నా మీద పగబట్టి కదిలుంటుంది."

"వెటకారం చాలు. బొటనవేలు చాపి గోడ గడియారానికి అడ్డం పెట్టు. ఒక కన్ను మూయి. ఇప్పుడు రెండోది. ఏమైంది?"

"వేలు గెంతింది."

"వేలు దగ్గర, గడియారం దూరం. అందుకే. స్కోపులో గీతలూ, అట్ట బొమ్మా ఒకేచోట పడకపోతే ఇదే గోల. కన్ను ఆవగింజంత జరిగితే గురి జరుగుతుంది. ఆ రెంటినీ ఒకచోటికి తేవడానికే స్కోపు మీద ఈ రింగు, అట్ట ఎంత దూరముంటే అంత అంకెకు తిప్పాలి. దీని మీద ఎంతుంది? చదువు."

"కళ్లజోడు నీకుందిగా."

"నూరు. అట్ట ఎంత దూరం?"

"యాభై."

"పదేళ్లుగా కాలుస్తున్నావు. ఇన్నాళ్లూ గాడిదలు కాశావా?"

"గాడిదలు నీకన్నా తక్కువ మాట్లాడతాయి."

"తెలియదా నీకు?"

"తెలుసు."

"మరి?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

"టీ సంగతి తర్వాత. మా అన్నయ్య, మీ నాన్న, అన్నీ తనే చేసిపెట్టి నిన్ను పాడుచేశాడు. రేపు రెండో రౌండు కూడా పోతే జట్టులో చోటు పోయినట్టే. రింగు బిగుసుకుపోయిందా ఏమిటి? జరుగు, ఒక నూనె చుక్క..."

"వద్దు! ముట్టుకోకు."

"ఏమిటే ఆ అరుపు?"

"ఆ ఆఖరి ఆదివారం బయట మైదానంలో నూరు మీటర్ల ప్రాక్టీసు. నాన్నే రింగు నూరు మీదికి తిప్పి పెట్టారు. మర్నాడు ఆస్పత్రిలో చేర్చాం, మళ్లీ ఇంటికి రాలేదు."

"నూనె డబ్బా మూసేశాను. చెప్పు."

"చొక్కాలు ఇచ్చేశాం. మంచం తీసేశాం. ఆయన పెట్టింది పెట్టినట్టు ఉన్నది ఇదొక్కటే."

"ముందే చెప్పి ఏడవచ్చు కదే. గాడిదలదాకా వెళ్లాను."

"నువ్వెప్పుడూ అంతదాకా వెళ్తావు."

"నేను తిప్పనా?"

"నేనే తిప్పుతాను. నువ్వు అటు తిరుగు."

"తిరిగాను."

"చూడకు."

"చూడటం లేదే. కళ్లజోడు కూడా తీసేశాను, తుడుచుకోవాలి. అయిందా?"

"ఆగు."

"అయిందా?"

"లేదు బాబాయ్. ఇంకా నూరు మీదే ఉంది."