రెండొందల పద్నాలుగు మంది ప్రెసిడెంట్లు

"నేనేం గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్త. అన్నోజిగూడల ఉన్నప్పుడు నల్లా కోసం ఒక చిన్న కమిటీ పెట్టిన. ఏడుగురం. గంతే."

గొప్పలు చెప్పుకోనని రామస్వామి అన్నాడంటే గిన్నెలో ఇంకో రెండు లీటర్ల పాలు పొయ్యాల్సిందేనని శ్యామలమ్మకు తెలుసు. పోసింది.

నాచారం ఫ్యాక్టరీల వెనక గల్లీ మొదట్లో ఉంటుంది ఆమె ఛాయ్ బండి. ఆదివారం, పొద్దున తొమ్మిది. పది గంటలకు కమ్యూనిటీ హాల్లో ఇంటి ఓనర్ల సంఘం కూర్చుంటుంది. వానలు పడేదాకా వెనక గల్లీకి నీళ్ల వాల్వు మూసెయ్యాలని తీర్మానం రాసిపెట్టుకున్నారు, చేతులెత్తడమే తరువాయి. వెనక గల్లీలో ముప్ఫై ఒక్క గదులు, అన్నీ కిరాయివే, శ్యామలమ్మదీ రామస్వామిదీ కూడా. కిరాయిదార్లకు సంఘంలో ఓటు లేదు, కుర్చీ లేదు. అర్జీ ఇస్తే చదువుతామని సెక్రటరీ దయతలిచాడు.

ఆ అర్జీ పొద్దున్నుంచి బిస్కెట్ల సీసా కింద రెపరెపలాడుతోంది. రాసింది పరంధామయ్య. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తా, గోదావరి వైపు నుంచి వచ్చి ఇరవయ్యేళ్లయినా 'అండీ' వదలని మనిషి. అక్షరాలు ముత్యాలు. సంతకం మాత్రం ఒక్కటి లేదు. పోయిన ఎండాకాలం ఇట్లాంటి అర్జీ మీదే మొదటి సంతకం పెట్టిన సాంబయ్యను నెల తిరక్కుండా గది ఖాళీ చేయించారు. అప్పట్నుంచి గల్లీలో రెండో సంతకానికి అందరూ సిద్ధమే, మొదటిదానికే మనిషి లేడు. బండి చుట్టూ అరడజను మంది మీసాలున్నవాళ్లు, మధ్యలో ఒక్క పెన్ను. ఆ పెన్ను మీద ఈగ వాలితే తోలడానికి కూడా ఒకరి మొహం ఒకరు చూస్తున్నారు.

అందుకే ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే దయాకర్ రామస్వామిని కదిలించాడు. "మామా, ఉద్యమాలు నడిపిన నడిపిన అంటవ్ గదా. గిది ఎట్ల జెయ్యాల్నో జర చెప్పు."

చెప్పమంటే ఆగుతాడా!

"ఇను మరి. ఏడుగురం కూసున్నం. ప్రెసిడెంటు ఎవరు అన్నరు. అందరూ నన్నే సూసిన్రు. సూస్తరు మరి, ఇంకెవర్ని సూస్తరు? నేనన్న, తమ్మీ, ఒక్కని చేతుల పెత్తనముంటే గది కమిటీ కాదు, దొర గడీ. పంచుదాం. ఏడుగురం ఏడుగురు ప్రెసిడెంట్లే అన్న. తెల్లారేసరికి కాలనీ మొత్తం ఎరుకైంది. మేమేం పాపం జేసినం అని వచ్చిన్రు. రాండ్రి అన్న. నల్లాకు ఒక ప్రెసిడెంటు. నల్లా తిప్పే పిడికి ఒక ప్రెసిడెంటు. బిందెకొకరు, బిందె మూతికొకరు, నెత్తి మీది చుట్టబట్టకొకరు. కారిపోయిన నీళ్లకు ఒకరు, కారబోయే నీళ్లకు ఒకరు. వారం తిరిగేసరికి ఎంతమంది అయిన్రనుకున్నవ్? రెండొందల పద్నాలుగు!"

"మరి మామూలు సభ్యులు ఎంతమందండీ?" అన్నాడు పరంధామయ్య. లెక్క అడక్కుండా ఉండలేడు.

"ఒక్కరు సారూ. సుబ్బులవ్వ. పదవులు పంచిన నాడు మౌలాలిల బిడ్డ ఇంటికి పోయింది, మిగిలిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున లేస్తే అవ్వ వాకిట్ల రెండొందల పద్నాలుగు మంది లైను. 'అవ్వా, నీ సమస్య ఏంది, చెప్పు' అని. ప్రజలంటే ఆమె ఒక్కతే గదా! ముసలామెకు ఎన్ని సమస్యలుంటయ్ పాపం? మోకాళ్ల నొప్పులు. అవే పంచుకున్నం. కుడి మోకాలికి నూటేడుగురు ప్రెసిడెంట్లు, ఎడమ మోకాలికి నూటేడుగురు."

"తగ్గిందా మామా?"

"తగ్గకేం జేస్తది? గంత మందిని సూసి నొప్పే భయపడ్డది. అవ్వ ఉరుకుతా మౌలాలి గుట్ట ఎక్కింది. మెట్లన్నీ ఒక్క ఊపుల. ఎక్కి ఇగ దిగలే. మేం కింద నిలబడి 'అవ్వా సమస్య, అవ్వా సమస్య' అని మొత్తుకుంటున్నం. పైకెల్లి ఆమె మొత్తుకుంటుంది, 'నన్ను గూడ ప్రెసిడెంటును జేస్తెనే దిగుత!' అని. జేసినం. ఏం జేస్తం? జేసినంక సూసుకుంటే ఇగ ప్రజలే లేరు!"

"అయ్యయ్యో," అన్నాడు పరంధామయ్య, నిజంగానే బాధపడి.

"ప్రజలు లేకుండ ఉద్యమం ఎట్ల నడుస్తది? నారపల్లి పోయిన. ఆడ ప్లాట్లమ్మే కాడ టెంటు కింద మనుషులు ఊకెనే నిలబడుంటరు. నలభై మంది మామూలు మనుషుల్ని ఏరి డీసీఎం లారీల ఎక్కించుకొని మలిపిన. తొవ్వల్నే వాళ్లకు చైతన్యం వచ్చింది. చక్రాలకు ఆరుగురు ప్రెసిడెంట్లయిన్రు, హారన్‌కు ఒకరు, ఎనక 'హారన్ కొట్టు' అని రాసిన అక్షరాలకు ఇంకొకరు. డ్రైవర్ కిందికి దిగి ఎనక నడుస్తున్నడు, మామూలు మనిషిగ."

"మరి బండి ఎవరు నడుపుతున్నరు మామా?"

"ఏకాభిప్రాయం."

దయాకర్‌కు ఛాయ్ పొలమారింది. వీపు మీద ఒక్కటి చరిచి, సెల్‌ఫోన్‌లో టైం చూసి చెప్పింది శ్యామలమ్మ. "తొమ్మిదింబావు అయితుంది రామస్వామన్నా. అర్జీ సంగతికి రా."

"అర్జీ సంగతే చెప్తున్న గదక్కా. ఉద్యమం అన్నోజిగూడల ఆగుతదా? హైవే పట్టింది. నేనొద్దంటున్న, అదే పట్టింది. ఉప్పల్ రింగు రోడ్డు కాడికి వచ్చి సిగ్నల్ సూసిన, నా కడుపు తరుక్కుపోయింది. ఎర్ర దీపానికి నిమిషంనర. పచ్చ దీపానికి నిమిషం. నడుమ పసుప్పచ్చదానికి మూడు సెకన్లు! ఎన్నేండ్ల సంది ఈ అన్యాయం? ఒక్కరన్న అడిగిన్రా? ట్రాఫిక్ పోలీసన్నకు చెప్పిన. ఆయనకు కండ్లల్ల నీళ్లు. 'ఇరవై ఏండ్ల సంది దీని కిందనే నిలబడ్డ, నాకు తట్టలే' అన్నడు. ఆనాడు పొద్దుమూకేదాక పసుప్పచ్చ దీపమే ఎలిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏ బండీ ఆగలే, ఏ బండీ పోలే. వరంగల్ బస్సు సగం ఆగింది, సగం పోయింది."

"సగం పోవడం ఏమిటండీ?"

"ముంగట సగం వరంగల్ చేరింది సారూ. ఎనక సగం ఉప్పల్లనే ఉంది. కండక్టరు నడుమ నిలబడి రెండు దిక్కులా టికెట్లు కొట్టిండు. మస్తు సాగిండు పాపం. ఇప్పటికీ కోటు చేతులు పొట్టిగైతయ్ ఆయనకు."

బండి చుట్టూ జనం చేరారు. పనికి పిలిస్తే రానివాళ్లు కూడా నవ్వులకు వచ్చారు. ఖాళీ బిందెలతో గల్లీ ఆడవాళ్లు కూడా ఆగారు. శ్రోతలు పెరిగేకొద్దీ రామస్వామి ఛాతీ చొక్కా గుండీల మీదికి వచ్చింది.

"మెట్రో వాళ్లు కబురు పంపిన్రు. 'రామస్వామిగారూ, మాకు గూడ జర పంచుడు నేర్పుండ్రి' అని. గింత దానికేముంది? రైలంతటికీ డ్రైవర్ ఒక్కడే పెత్తనం జేసుడేంది, ఎక్కినోళ్లందరికీ ఇయ్యుండ్రి అన్న. గంతే. ఉప్పల్ల బయల్దేరిన రైలు ఎవరింటి కాడ వాళ్లను దించింది. మూడో అంతస్తుల ఉండేటోన్ని మూడో అంతస్తులనే దించింది. పిట్టగోడకు గీత గూడ పడలే. ఒకామె వంటింట్ల పొయ్యి కాడ దించుమంది, ఆడనే దించింది."

"పట్టాలుండాలి కదండీ!"

"పట్టాలు గూడ మెంబర్లే సారూ. ఒంగినయ్. మీరు జర ఒంగుతె పోతదా?"

పరంధామయ్య ఒంగి ఛాయ్ గ్లాసు తీసుకున్నాడు.

"ఇగ మే నెల వచ్చింది. ఎండ! మనం జనరల్ బాడీ పెట్టి సూర్యునికి నోటీసు పంపినం. 'ఒక్కనివే గింత ఎండ దగ్గర పెట్టుకుంటవేంది, పంచు' అని. పదిహేను రోజుల గడువు. పద్నాలుగో రోజు దిగొచ్చిండు. ఇంటికొక గిన్నెడు ఎండ పంచిండు. అన్నం ఒండుకుంటవా ఒండుకో, మిరపకాయలు ఎండబెట్టుకుంటవా బెట్టుకో, వద్దంటవా మూత పెట్టు. మే నెలల ఉప్పల్ స్టేడియం కాడ జనం స్వెటర్లు ఏసుకొని చెరుకురసం వేడి జేసుకొని తాగిన్రు. నేను గిట్ల ఉన్నది ఉన్నట్టే చెప్త, ఒక్క మాట కలపను."

"నువ్వు కలుపుతవా? ఛీ ఛీ," అంది ఒకామె బిందె చంక మార్చుకుంటూ.

"ఇగ అసలు కథ. నీళ్లు." రామస్వామి గొంతు తగ్గించాడు. "ఊరందరికీ పెత్తనం పంచినం, నీళ్లకు పంచలే. పోయి అడిగిన. 'నీళ్లూ, పైపుల ఎటు తోస్తె అటే పోతున్నవ్, అసలు నీకెటు పోవాల్నని ఉంది?' అన్న. అప్పటిదాక ఎవరూ అడగలేదట. నీళ్లు ఏడ్చినయ్. నీళ్లు ఏడిస్తే ఏమైతదో తెలుసా? డబల్ నీళ్లు! తెల్లారి లేచి సూస్తే గడపల ముంగట లైను. మనుషులు కాదు. నీళ్లే లైను కట్టినయ్! ఆధార్ కార్డులు పట్టుకొని. ఎత్తు మీదున్న గల్లీకి గూడ ఆయాసపడుకుంట ఎక్కి వచ్చినయ్. 'అక్కా, జర బిందె పెట్టు, మస్తు సేపటి సంది నిలబడ్డం' అని బతిమాలుతున్నయ్. లోపల్నుంచి ఆడోళ్లు ఏమంటున్నరు? 'ఇయ్యాల ఒద్దు పో, ఎల్లుండి రా' అంటున్నరు!"

ఈ మాటకు ఎవరూ నవ్వలేదు. మూడు రోజులుగా వాళ్ల ఇళ్లలో డ్రమ్ముల అడుగు కనిపిస్తోంది. నీళ్లను వెనక్కి పంపే ఆడమనిషిని ఒక్క క్షణం అందరూ ఊహించుకున్నారు. బిందె చంకనున్నామె బిందె కింద పెట్టింది.

శ్యామలమ్మ సీసా జరిపి అర్జీ తీసి రామస్వామి ముందు పరిచింది. దాని మీద పెన్ను పెట్టింది.

"తొమ్మిదిన్నర. గింత జేసినోనివి గదన్నా, మొదటి సంతకం పెట్టు."

"నేనా?" రామస్వామి పెన్నును తేలును చూసినట్టు చూశాడు. "అక్కా, నీకు ఉద్యమం సమజ్ కాలే. నేను ముందు పెడితే పెత్తనం నాదైపోదా? ప్రజలు పెట్టాలె ముందు. నేను అందరికంటే చివర్న. గదే అసలు సూత్రం."

"సూర్యునికి నోటీసు పంపినోనివి, మీ ఓనరుకు భయపడ్తవా?"

గల్లీ అంతా గొల్లున నవ్వింది. దయాకర్ బండి పట్టుకుని ఊగిపోయాడు. రామస్వామి పెన్ను పక్కకు జరిపాడు. ఈసారి వచ్చిన గొంతు వేరు.

"సూర్యుడు గది ఖాళీ చెయ్యమనడు గదక్కా."

నవ్వు తెగిపోయింది. ఎవరి గది వాళ్లకు గుర్తొచ్చింది, ఎవరి అడ్వాన్సు వాళ్లకు, ఎవరి పిల్లల స్కూలు వాళ్లకు.

"పొద్దుటి సంది గిదొక్కటే నిజం చెప్పినవ్," అంది శ్యామలమ్మ. తిట్టినట్టు లేదు. బజ్జీల ప్లేటు కొంగుతో తుడిచి, అర్జీ కింది ఖాళీ జాగాలో బోర్లించి, దాని చుట్టూ పెన్నుతో ఒక గీత గీసింది. ప్లేటు తీస్తే గుండ్రంగా, మొదలూ చివరా లేకుండా వచ్చింది గీత.

"దీని పొంటి రాయుండ్రి పేర్లు, ఒకటెనక ఒకటి. ఎవరు ముందు పెట్టిన్రో సెక్రటరీ సారు దొరకబట్టుకుంటే నాక్కూడ చెప్పమనుండ్రి."

పరంధామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పెన్ను అడిగాడు. ఆయన తర్వాత బిందె ఆవిడ. ఆ తర్వాత పెన్ను ఎవరి చేతిలో ఉందో చూడ్డానికి కూడా కుదరలేదు. వేలిముద్రలకు శ్యామలమ్మ పొయ్యి వెనక మసి పనికొచ్చింది. పావుగంటలో ముప్ఫై గదులు ఆ గీత మీద చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడ్డాయి.

రామస్వామికి ప్రాణం లేచివచ్చింది. "సూసిన్రా! గిదే నేను అన్నోజిగూడల..."

"సంతకం," అంది శ్యామలమ్మ.

పెన్ను తీసుకుని వంగాడు. గీత పొడుగునా సందు లేదు. కాగితం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"నడుమ మస్తు జాగుంది మామా," అన్నాడు దయాకర్.

"నడుమనా? నడుమ పెడితే నేనొక్కన్నే కొట్టొచ్చినట్టు కనబడ్త గదరా!"

"నా పేరు పక్కన ఇరికియ్యి. నేను దూరం దూరం రాసిన," అంది శ్యామలమ్మ. రామస్వామి చీమ తలకాయంత అక్షరాలతో తన పేరు అక్కడ దూర్చాడు. పెట్టాడు మాత్రం. అది కూడా చెప్పుకోవాలి.

పదికి అయిదు నిమిషాలు. అర్జీ బిందె ఆవిడ చేతికిచ్చి అందరూ హాలు వైపు కదిలారు, ఎవరూ ముందు కాకుండా రోడ్డు వెడల్పునా. రామస్వామి తువ్వాలు దులుపుకున్నాడు. "మీరు నడువుండ్రి. నేను అందరికంటే ఎనక వస్త."

"వద్దు," అంది శ్యామలమ్మ, గరిట అతని చేతిలో పెట్టి. "పొయ్యి మీద పాలున్నయ్. వచ్చేదాక బండి మీద పెత్తనమంతా నీదే."

రామస్వామి గరిటను చూశాడు, గిన్నె అంచుకు వస్తున్న నురగను చూశాడు. "నా ఒక్కనికేనా అక్కా?"

"ఒక్కనికే. పొంగితే పంచుకునేటోడు లేడు."