ఒక్క విజిల్‌కు ఆగిన బంతి

బసవరాజు నోరు తెరిస్తే చేతిల చాయ్ చల్లారుతది గని ముచ్చట ఆగదని నాచారంల అందరికీ ఎరుకే. ఆయన కండక్టర్‌గ ఉన్న సిటీ బస్సును ఇరవై రెండేండ్లు నడిపిన సాంబయ్యకైతే ఇంకా బాగ ఎరుక. ఇద్దరూ రిటైరై ఆరేండ్లాయె. అయినా పొద్దున పదింటికి శారదమ్మ చాయ్ కొట్టు ముందర బల్ల మీద పక్కపక్కన కూసోకుంటే ఇద్దరికీ తిన్నది అరగదు.

ఆ శనివారం ఎదురు బల్ల మీద కాలనీ సంఘం సెక్రటరీ సత్యనారాయణమూర్తి నోటుబుక్కు పట్టుకొని కూసున్నడు. కాకినాడ దిక్కు మనిషి, సర్కారు లేబరేటరీల పని చేసి ఇక్కడ్నే ఇల్లు కట్టుకున్నడు. వింబుల్డన్ల డబుల్స్ సెమీఫైనల్ దాక ఆడొచ్చిన అనిరుధ్ నాచారం పిలగాడాయె, రేపే సన్మానం. చిన్నప్పుడు ఆట నేర్పిన కోచ్ సారు కాలం జేసిండు. స్టేజీ మీద పిలగాని పక్కన 'తొలి గురువు' అని ఒక కుర్చీ ఖాళీగ ఉన్నది. ఆ కుర్చీ తనదేనని బసవరాజు వారం సంది కనబడ్డోనికల్లా చెప్పిండు, తెల్లచొక్కా గూడ ఇస్త్రీకి ఇచ్చిండు. మధ్యాహ్నం ఫ్లెక్సీ ప్రింటుకు పోవాలె. పేరు మాత్రం ఇంకా ఖాయం గాలె.

"గంగాధరరావు గారు కూడా అడుగుతున్నారండీ," అన్నడు మూర్తి. "షామియానా, భోజనాలు అన్నీ ఆయనవే. పైగా మీరు టెన్నిస్ నేర్పారంటే కమిటీలో నవ్వుతున్నారు."

గంగాధరరావు బోడుప్పల్ల ప్లాట్లు అమ్మేటాయన. బ్యాటు ఏ దిక్కు పట్టుకోవాలెనో గూడ తెల్వదు. బసవరాజు మొఖం ఎర్రగైంది.

"నవ్వుతున్నరా? నవ్వనియ్యి. అసలు డబుల్స్ అంటే ఏంది సారూ? ముందటోడు నెట్ కాడ, ఎనకటోడు సర్వీస్ కాడ. ముందటోడు ఎనకకు మర్లి సూడడు. నడుము ఎనక చెయ్యి పెట్టి వేళ్లతోని సైగ జేస్తడు, టీవీల సూడలేదా? పిడికిలి బిగిస్తే ఉన్న కాడ్నే ఉంట, అరచెయ్యి తెరిస్తే అటు ఉరుకుత అని. గది మా నౌకరీ సారూ! డ్రైవర్ ఎనకకు సూడడు, కండక్టర్ ముందలకు రాడు, నడుమ ఎనభై మంది జనం. ఒక్క విజిల్ కొడితే ఆగాలె, రెండు కొడితే పోవాలె. అనిరుధ్ మా బస్సులనే కోచింగ్‌కు పోయేటోడు. మమ్ముల సూసి సూసి నేర్సిండు. మరి నేర్పిందెవరు?"

"అవునండోయ్, ఇది బాగుందే," అని మూర్తి పెన్ను క్యాపు తీసిండు.

ఇక్కడ్నే ఆపు బసవన్నా, నీకు దండం పెడత అని సాంబయ్య మనసుల అనుకున్నడు. గని పెన్ను క్యాపు ఊడుడు సూసినంక బసవరాజు ఆగుతడా?

"గంతేనా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్వార్టర్ ఫైనల్ ముందునాడు లండన్ నుంచి ఫోను. 'మామా, మా పార్ట్‌నర్ మైసూరోనికి ఎండ కండ్లల్ల కొడుతున్నది, నా సైగ కనబడ్తలేదట, ఎట్ల మామా' అని పిలగాడు ఒక్కటే ఏడుపు. ఫికర్ జెయ్యకు బిడ్డా, నేనొస్తున్న అన్న. లుంగీ మీదనే ఎయిర్‌పోర్టుకు పోయిన. పాస్‌పోర్టేది అన్నరు. రిటైరైన కండక్టర్ పాసు సూపిచ్చిన, సలాం గొట్టి తొవ్వ ఇడిసిన్రు. తీరా ప్లేన్ల సీటు లేదు."

"మరెట్ల పోయినవన్నా?" అన్నది శారదమ్మ చాయ్ వడబోసుకుంట.

"ఫుట్‌బోర్డు మీద! లోపటికి తొంగి సూస్తే జనమంత ముందల్నే కుప్పవడ్డరు. 'జరుగుండ్రి, జరుగుండ్రి, ఎనక మస్తు ఖాళీ ఉన్నది' అని ఒక్క కేక ఏసిన. ముప్పై సీట్లు ఎల్లినయ్. పైలట్ దుబాయ్‌ల ఆపి చాయ్ తాగుదమన్నడు. ఏం చాయ్? రెండు విజిళ్లు కొట్టిన. ఆపుడు లేదు, దించుడు లేదు, సక్కగ లండనే!"

మూర్తి పెన్నుకు మళ్ల క్యాపు పెట్టిండు. సాంబయ్య సూసిండు. బసవరాజు గూడ సూసిండు. కుర్చీ చెయ్యి జారుతున్నదని తెలిసినట్టుంది, నుదురు మీద చెమట తుడుసుకొని గొంతు ఇంకింత పెంచిండు.

"ఇనుండ్రి, అసలుది ఇప్పుడొస్తది. మూడో సెట్టు, టైబ్రేకు, మనోళ్లు తొమ్మిది, వాళ్లు ఎనిమిది. అవతల అమెరికా జోడీ, ఒక్కొక్కడు కరెంటు స్తంభమంత. అండ్ల ఎడమచేతోడు సర్వీస్ గొట్టిండు. బంతి వస్తుంటే కింద గడ్డి కాలుతున్నది సారూ, వాసన నాకొచ్చింది! సూస్తే మన పిలగాని బూటు లేసు ఊడిపోయి ఉన్నది. ఇగ ఏం జేస్తడు పాపం? జేబుల చెయ్యి పెట్టిన, తీసిన, కొట్టిన ఒక్క విజిల్. బంతి ఆగింది!"

"ఆగిందా? ఎక్కడండీ?"

"ఇంకెక్కడ, గాల్ల! నెట్టుకు జానెడెత్తుల, గిర్రున తిరుగుకుంట నిలబడ్డది. పిలగాడు నిమ్మళంగ లేసు కట్టుకున్నడు, నీళ్లు తాగిండు, మైసూరోనితోని రెండు ముచ్చట్లు పెట్టిండు. అయిందా బిడ్డా అన్న. అయింది మామా అన్నడు. అప్పుడు రెండు విజిళ్లు కొట్టిన. బంతి కదిలింది, ఫట్టుమని గొట్టిండు, గెలిసిన్రు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా ఒక్క విజిల్‌కు లండన్ల ఎర్ర డబుల్ డెక్కర్లన్నీ ఉన్న కాడ్నే ఆగినయ్. నది ఆగింది. పెద్ద గడియారం ఆగింది. ఇప్పటికీ గది రెండు నిమిషాలు లేటే నడుస్తది, నమ్మకుంటే పోయి సూసుకో!"

శారదమ్మ నవ్వి నవ్వి సగం పాలు పొయ్యి మీద పోసింది. మూర్తికి గూడ నవ్వాగలె. నవ్వుకుంటనే నోటుబుక్కు మూసిండు.

"కథ బ్రహ్మాండంగా ఉందండీ బసవరాజు గారూ. కానీ ఫ్లెక్సీ మీద ఏమని వేయను? ఏమీ అనుకోకండి, గంగాధరరావు గారి పేరే ఖాయం చేసేస్తాను," అని లేసిండు.

బసవరాజు గూడ లేసిండు. "సారూ, ఆగు సారూ. నేను అబద్ధాలాడేటోని లెక్క కనబడుతున్ననా? ముప్పై ఒక్క ఏండ్ల సర్వీసు. ఒక్క మెమో లేదు! డిపోల అడుగు! ఒక్క మెమో లేని కండక్టర్ మాట నమ్మవా?"

సాంబయ్య గిలాస కింద పెట్టిండు.

"అబద్ధం," అన్నడు.

"ఏదన్నా, బంతి ఆగుడా?" అన్నది శారదమ్మ.

"బంతి సంగతి నాకు తెల్వదు. మెమో అయితే వచ్చింది."

"సాంబన్నా, ఊకో," అన్నడు బసవరాజు.

"ఊకోను. పన్నెండేండ్ల సంది ఊకున్న, సాలు." సాంబయ్య మూర్తి దిక్కు తిరిగిండు. "సారూ, అనిరుధ్‌కు అప్పుడు పదకొండేండ్లు. తల్లి భాగ్యశ్రీది మందుల కంపెనీల ఫస్ట్ షిఫ్టు. పిలగాన్ని స్టాపు దాక తోలుకొచ్చే దిక్కు లేదు. గోదాం మూలకాడ లైటు కింద నిలబడేటోడు. భుజాన బ్యాట్ల సంచి, దాని కింద రెండు కాళ్లు, గంతే కనబడేది. అక్కడ స్టాపు లేదు. అయినా తెల్లారగట్ల ఐదు ఇరవై ట్రిప్పుల ఈయన రోజూ అక్కడ ఒక్క విజిల్ కొట్టేటోడు. పిలగాడు రాకుంటే రెండు నిమిషాలు నిలబెట్టేటోడు, జనం ఎంత తిట్టినా సరే. ఒకనాడు చెకింగ్ ఎక్కింది. స్టాపు లేనికాడ బస్సెందుకు ఆగిందన్నరు. స్టీరింగ్ నా చేతుల ఉన్నది, మెమో నాకు రావాలె. అప్పటికే నాకు రెండున్నయ్, మూడోది పడితే ఇంటికే. ఈయన కాగితం గుంజుకొని, 'డ్రైవర్ తప్పేం లేదు, విజిల్ కొట్టింది నేను' అని రాసిచ్చిండు. ఎవ్వలికి చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా సారూ? మర్నాడు ఐదు ఇరవైకి, గదే మూలకాడ, మళ్ల ఒక్క విజిల్!"

బసవరాజు తలకాయ కిందికేసుకొని తువ్వాల అంచు మెలితిప్పుతున్నడు.

"గది చెప్పుకునే ముచ్చటనా సాంబన్నా?" అన్నడు మెల్లగ. "మెమో తిన్నోడంటే ఇజ్జత్ ఏముంటది?"

"నీకు లేదేమో, నాకున్నది," అన్నడు సాంబయ్య. "నీ బస్సు తోలిననని గర్వంగ చెప్పుకునేటందుకు నాకు గదొక్కటే ఉన్నది." ఇన్నేండ్లు గుండెల దాసుకున్న మాట బయటికొచ్చేటాలకు ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

మూర్తి కూసున్నడు. నోటుబుక్కు తెరిసి, రాసుకుంటనే చదివిండు. "అనిరుధ్ కోసం బస్సు ఆపిన కండక్టర్, శ్రీ బసవరాజు గారు. గురువు అన్న మాట తీసేస్తున్నానండీ. కుర్చీ మాత్రం మీదే. గంగాధరరావు గారికి నేను చెప్పుకుంటాను."

"ఒక్క కుర్చీ కాదు సారూ, రెండెయ్యి," అన్నడు బసవరాజు. "డబుల్స్‌ల ఒక్కని పేరు రాస్తరా? విజిల్ నేను కొడితే బ్రేకు కొట్టిందెవరు?"

మూర్తి సాంబయ్య పేరు గూడ రాసిండు. శారదమ్మ కొంగుతోని కండ్లొత్తుకొని అందరికీ కొత్త చాయ్ పోసింది. ఒక గుక్క తాగేటాలకు బసవరాజుకు పాణం లేసొచ్చింది. మెడ సాపి నోటుబుక్కులకు తొంగి సూసిండు.

"ఉత్తగ 'బస్సు ఆపిన' అంటే ఏం బాగుంటది సారూ? రోజూ పది నిమిషాలు, పదేండ్లు ఆపిన్రని రాయి."

"రెండు నిమిషాలు. మూడేండ్లు," అన్నడు సాంబయ్య.