నల్ల ముద్ద పెట్టు

నంద్యాల, 1955. రైలు గేటు పక్కన దావీదు సాన అంగడి. రుద్రవరం మంగలి బాలస్వామి పొద్దున బస్సు దిగి, తన కత్తి తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

“నల్ల ముద్దా? నీకేమన్నా మతి పోయిందా బాలస్వామీ? అది గొడ్డళ్ళ తుప్పు తీసేకి చక్రానికి పూసే గరుకు మందు.”

“తుప్పు ఉండాది గదన్నా.”

“యాడుండాది తుప్పు? వెన్ను మీద రెండు మచ్చలుండాయి, అంతే. పచ్చ ముద్ద ఒకసారి తగిలించి, పైన ఎర్ర ముద్దతో మెరుగు పెడితే దాంట్లో నీ మొగం కనపడతాది.”

“నా మొగం కనపడొద్దులే. నల్లది పెట్టు. అంచు మీద పెట్టు.”

“అంచు మీదనా?”

“ఊ. చక్రం బాగా తొక్కు. మధ్యలో నీళ్ళల్లో ముంచొద్దు.”

“ముంచకపోతే ఇనుము కాగి నీలం తిరుగుతాది. నీలం తిరిగిందా, ఇంగ ఎంత నూరినా పదును నిలబడదు. వెంటిక తెగదు. తెల్సునా నీకు?”

“తెల్సు.”

“తెల్సీ అడుగుతాండావా?”

“తెల్సే అడుగుతాండా.”

“ఇది మీ నాయన కత్తి గదప్పా. పోయేటప్పుడు గూడా తలకింద పెట్టుకున్యాడని నువ్వే చెప్తివి.”

“నాయన మాట ఎత్తొద్దన్నా. పెడతావా, ఇంగో అంగడికి పోదునా?”

“కూర్చో. ముందు చెప్పు. గడ్డానికా, తలకా?”

“తలకు.”

“ఎవురి తల?”

“ఎవురిదో ఒకరిది.”

“బాలస్వామీ.”

“ఆడపిల్లదన్నా. మా ఊర్లో పెద్దిల్లు. మొగుడు పాము కరిచి పోయినాడు. రేపు పదో దినం. వాళ్ళ ఆచారం నీకు తెల్సు గదా. తల గొరిగిచ్చి మూల కూర్చోబెట్టాల.”

“ఇంగా చేస్తాండారా అది?”

“వేరే ఊర్లల్లో మానుకున్యారంట. ఈయప్ప మాత్రం చేపిస్తానంటాడు. కన్న నాయనే.”

“ఎంత వయసు?”

“పంతొమ్మిదో, ఇరవయ్యో. ఆ పాప పుట్టెంటికలు నేనే తీసినా. మా నాయన పక్కన కూర్చోని నా చెయ్యి పట్టుకోని చేపించె. ఇదే కత్తి. ఏడవల్యా, నవ్వింది. ఇప్పుడు తలుపేసుకోని జడ అల్లుకునేది, ఇప్పేది, మల్ల అల్లుకునేది. వాళ్ళమ్మ నాకు చెప్పి ఏడ్సింది.”

“రానని చెప్పరాదా?”

“చెప్తే మాన్యం పెరుక్కుంటారు. వాళ్ళ పని చేసినన్ని దినాలే ఆ చేను మాది. అది పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.”

“అందుకని కత్తిని సంపుతావా?”

“రేపు పోతా. కూర్చుంటా. తెగదు. కత్తి చెడింది సామీ, నంద్యాలకు పోయి నూరిపిచ్చుకోనొస్తా అంటా. పొద్దు దాటిపోతాది. సాయంత్రం బండికి పాప మేనమామ కడప నుంచి వస్తాండాడు. పిల్లను తీసకపోతానని కబురంపినాడు.”

“అంతలోపల ఇంగో మంగలిని పిలుస్తారు.”

“నా ఇండ్లల్లో ఇంగొకడు కత్తి పెట్టడు. అది మా కులం కట్టు. నేను తప్ప ఎవురూ రారు.”

“…ఇట్లియ్యి. దూరం జరుగు, నిప్పురవ్వలు కండ్లల్లో పడతాయి.”

“అన్నా…”

“చూడొద్దు నువ్వు. అట్ల తిరుగు.”

“తిరిగిందా నీలం?”

“తిరిగింది. ఈ చేతుల్తో ఇట్లాంటి పాడు పని ఎప్పుడూ చేయల్యా నేను. తీస్కో. ముంజేతి మీద పెట్టి చూడు.”

“తెగల్యా. ఒక్క వెంటిక గూడా తెగల్యా అన్నా. నీ కడుపు సల్లగుండ.”

“సరేలే, కండ్లు తుడుచుకో. ఇంతకీ యా ఇల్లది?”

“కరణమోళ్ళ ఇల్లు. లీలావతమ్మ.”

“రుద్రవరం కరణమా?”

“ఊ. ఏంటికట్ల చూస్తాండావు?”

“నిన్న ఆయప్ప మనిషి వచ్చినాడు బాలస్వామీ. కొత్త కత్తి తెచ్చినాడు. ఇంట్లో పిల్లకు తల గొరిగేది ఉండాది, గీటు గూడా పడకూడదన్యాడు. పసిబిడ్డేమో అనుకుంటి. పొద్దుగూకేదాక కూర్చోని, నా బిడ్డకు చేసినట్ల మెరుగు పెట్టి ఇస్తి.”

“ఎవురు గొరగాలంట దాంతో?”

“మా మంగలి కత్తి పాతబడింది, ఎల్లుండి వాని చేతికి ఇదిస్తాం అన్యాడు.”